ఊదా రంగు రికార్డు

బ్రాడీపేటలో ఆ ఇంటి మేడమీది గదిలోకి వెళ్ళాలంటే ముందు చెప్పులు విప్పాలి, తరవాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అంత శుభ్రంగా కడుక్కుని వచ్చినా రికార్డుని మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ కడుక్కోవడం గదిలో కూర్చోవడానికే.

గది ఒక పొగాకు ఎగుమతి వ్యాపారి గారి అబ్బాయిది. నాతోపాటు డిగ్రీ చదివేవాడు. ఎనభైల నడుమ సంగతి. అప్పట్లో గుంటూరులో ఇంగ్లీషు పాటలు వినేవాళ్ళు బాగానే ఉండేవాళ్ళు గానీ, అందరూ వినేది క్యాసెట్లే. ఒకదాని మీంచి ఇంకోదానికి ఎక్కించి ఎక్కించి, చివరికి డ్రమ్ముల బదులు రేకుల మీద వాన వినపడేది వాటిలో. వాడి దగ్గర మాత్రం అసలైన ఎల్పీ రికార్డులు ఉండేవి. పొగాకు కొనడానికి ఏటా ఇంగ్లండు నుంచి దొరలు వచ్చేవారు. వాళ్ళలో ఒక కుర్ర దొర సూట్‌కేసులో బట్టల మధ్య రికార్డులు పెట్టుకొచ్చి డబ్బు తీసుకుని వీడికి ఇచ్చేవాడు.

మాది నల్లపాడు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు, ఆదివారాలు చర్చిలో ఆర్గాన్ వాయించేవారు. నేను గిటారు పట్టేవాణ్ణి. నన్ను ఆ గదిలోకి రానిచ్చింది స్నేహం కొద్దీ కాదు. పాటల్లో మాటలు వాడికి అర్థమయ్యేవి కావు, నాకయ్యేవి. "ఒరేయ్, ఆ రెండో లైనేంట్రా?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ణి. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ఆ లైను వాళ్ళకి వాడే వివరించేవాడు. కింద నుంచి టీ వచ్చేది. వాడికీ, మాలో మూడోవాడైన, మెడిసిన్ చదివే మెడికోకీ పువ్వుల కప్పుల్లో, నాకు గాజు గ్లాసులో. ఎందుకని నేనూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

మా ముగ్గురికీ ఒకే బ్యాండు పిచ్చి. ఇంగ్లండులో ఏదో చిన్న ఊరి కుర్రాళ్ళు. చిన్న చిన్న పాటలు కట్టేవాళ్ళు, పదునుగా, ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేకుండా. అలాంటివాళ్ళు ఉన్నట్టుండి దొంగ పేర్లు పెట్టుకుని, ఇరవై ఏళ్ళ కిందటి వేషాలు వేసుకుని, తామెవరో చెప్పకుండా వేరే బ్యాండులాగా ఒక రికార్డు విడుదల చేశారు. ఆ ఏడు కుర్ర దొర తెచ్చింది అదే. అట్ట మీద రంగులు ఒకదాన్లోకి ఒకటి కరిగి పారుతుంటాయి. అక్షరాలు నూనెలో వేసిన జంతికల్లా మెలికలు తిరిగి ఉంటాయి. పాటల్లో గిటారు టేపు తిరగేసినట్టు వెనక్కి మోగేది. ఒకచోట కుక్క మొరిగేది. ఒకచోట గొంతు నీళ్ళతొట్టి అడుగునుంచి వస్తున్నట్టుండేది.

"సైకడెలిక్ అంటార్రా దీన్ని," అన్నాడు పొగాకు వాళ్ళబ్బాయి, తను కనిపెట్టినట్టు.

"అంటే మత్తెక్కించుకుని పాడేదేగా?" అన్నాడు మెడికో.

"వీళ్ళకి ఏ మత్తూ లేదు. అదే గొప్ప. తాగకుండా తాగినోళ్ళలాగా పాడారు."

"అయితే వేషమేగా. మా ఊళ్ళో పగటివేషగాళ్ళు చేసేదీ అదే. వీళ్ళు సొంత పాటలు అయిపోయి వేళాకోళానికి దిగార్రా."

"నోర్ముయ్. వేళాకోళానికి ఎవడైనా ఇంత కష్టపడతాడా? ఆ డ్రమ్ము చప్పుడు విను. అప్పటి మైకులు వెతికి తెచ్చుకున్నట్టున్నారు."

నాకు వేరేగా అనిపించింది. "సొంత పేరుతో పాడినప్పుడు వీళ్ళు జాగ్రత్తగా పాడతారు. ఇక్కడ పేరు తీసేశారు కాబట్టి భయం పోయింది. ఇంత హాయిగా వీళ్ళెప్పుడూ పాడలేదు," అన్నాను.

"నిన్నడిగామా?" అన్నాడు పొగాకు వాళ్ళబ్బాయి.

ఆ పై వారం ఎవరో బంధువులబ్బాయి వస్తే వాడికి ఆ రికార్డు వినిపించి, "పేరు తీసేస్తే భయం పోతుందిరా. అదీ ఇందులో సంగతి," అని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను, గాజు గ్లాసు చేత్తో పట్టుకుని.

వాడికి పాటకంటే రికార్డే ముఖ్యం. పాట అయిపోయిన చోట, నడిమి కాగితానికి ముందు, నల్లటి మెరుపులో సన్నగా గీసిన నంబరు ఉంటుంది. దాన్ని చూసి అది మొదటి అచ్చో కాదో చెప్పేవాడు. మొదటి అచ్చు కాని రికార్డు ఎవరైనా తెస్తే వేలికొసలతో పట్టుకుని, చచ్చిన ఎలుకని చూసినట్టు చూసి తిరిగిచ్చేవాడు. తన వాటిని ఎవర్నీ క్యాసెట్లోకి ఎక్కించుకోనిచ్చేవాడు కాదు. "అందరి దగ్గరా ఉంటే ఇంక నా దగ్గరున్నదేంటి?" అనేవాడు. నాకేమో ఆ రికార్డు ఒక్కసారి ఎక్కించుకుంటే చాలని ఉండేది. అడిగాను కూడా. నవ్వి ఊరుకున్నాడు.

మార్టూరు వాడు మా మధ్యకి మరుసటి ఏడు వచ్చాడు. వాళ్ళ నాన్న క్వారీలో కూలీగా మొదలుపెట్టి, తరవాత సొంతంగా రాళ్ళు పాలిష్ చేసే షెడ్డు వేసుకున్నాడు. వీడు మా కాలేజీలో కామర్స్. హాస్టల్లో ఉండేవాడు. మాట పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఆ రికార్డు మొదటిసారి విన్నప్పుడు పాట అయిపోయాక కూడా వాడు కదల్లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఇంకోసారి పెట్టవా బావా," అన్నాడు.

"ఎవడ్రా నీకు బావ?" అన్నాడు పొగాకు వాళ్ళబ్బాయి.

మెడికో పగలబడి నవ్వాడు. మార్టూరు వాడూ నవ్వాడు, తననే అన్నారని తెలిసీ. వాళ్ళ వైపు అందర్నీ అలాగే పిలుస్తారని ఏదో సర్దిచెప్పబోయాడు. ఎవరూ వినలేదు. కాసేపటికి, "ఈ సైకిలు డెలిక్ పాటలు మెడ్రాసులో దొరుకుతాయా?" అని అడిగాడు. అంతే, ఆ రోజు నుంచి వాడి పేరు సైకిలు. "సైకిలొచ్చిందిరా, గోడకానించు," అనేవాళ్ళు. కొట్టుకెళ్ళి సోడాలు తేవడం వాడి పనైపోయింది. తిరిగొచ్చాక మళ్ళీ చేతులు కడుక్కోమనేవాళ్ళు. వాడు విసుక్కోకుండా కడుక్కునేవాడు. ఆ గదిలోకి రావడం వాడికి అంత కావాలి.

దసరా సెలవలయ్యాక ఒక ఆదివారం పొగాకు వాళ్ళబ్బాయి గొంతు తగ్గించి ఒక కబురు చెప్పాడు. ఆ దొంగ పేర్ల బ్యాండు, ఎల్పీ కంటే ముందు ఒక చిన్న రికార్డు చేసిందట. రెండువైపులా చెరొక పాట. నలుపు కాదు, ఊదా రంగు. అమ్మకానికి కాదు, స్నేహితులకి పంచుకోవడానికి. ఒక్కటంటే ఒక్కటి ఓడలో పనిచేసే ఆఫీసరెవరో మద్రాసుకి తెచ్చాడట. అతను పోయాక ఇంట్లోవాళ్ళు పాత సామాన్లవాడికి వేసేశారట.

"అది దొరికినవాడే అసలైన ఫ్యాన్," అన్నాడు. "తెచ్చినవాడికి ఈ గది తాళంచెవి ఇస్తాను."

నేను నమ్మాను. క్రిస్మస్ ముందు మా చర్చి పాటల బృందం మద్రాసు వెళ్ళినప్పుడు పాటల ప్రాక్టీసు ఎగ్గొట్టి పేవ్‌మెంటు కొట్లన్నీ తిరిగాను. ఊదా రంగు రికార్డు అని అడిగితే కొట్టువాళ్ళు నన్ను ఎగాదిగా చూశారు. తిరిగొచ్చి దొరకలేదని చెప్పాను. పొగాకు వాళ్ళబ్బాయి మెడికో వైపు చూసి, "వీడి మొహానికి దొరుకుతుందా?" అన్నాడు.

మార్టూరు వాడు మాత్రం వదల్లేదు. మద్రాసు వెళ్ళొచ్చాడు, బెంగుళూరు వెళ్ళొచ్చాడు, మళ్ళీ మద్రాసు వెళ్ళాడు. క్లాసులు పోయాయి. ప్రతి ఆదివారం వాడు గడప దాటకముందే, "ఏరా సైకిలూ, ఏమైంది?" అని అడిగేవాళ్ళు. దొరకలేదంటే నిట్టూర్చేవాళ్ళు. "బెంగుళూరులో ఎవడో వెతుకుతున్నాడట. వాడికి దొరికితే నీ పని అయిపోయినట్టే," అని భయపెట్టేవాళ్ళు. వాడి మొహం రోజురోజుకీ చిక్కిపోయింది.

ఎండలు మొదలవుతుండగా ఒక ఆదివారం వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా, "దొరికింది," అన్నాడు.

మెడికో మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"అంటే, చేతికి రాలేదు. మెడ్రాసు రాయపురంలో ఒక ముసలామె ఇంట్లో ఉంది. అమ్మనంటది. వాళ్ళాయన గుర్తంట. కానీ వినిపించింది. రెండువైపులా విన్నాను."

పొగాకు వాళ్ళబ్బాయి లేచి తలుపు దగ్గరికి వేశాడు. నాకు వాడి వీపు మాత్రమే కనపడింది. ఇటు తిరిగేసరికి మొహంలో ఏమీ లేదు. "చెప్పు. ఎలా ఉంది?" అన్నాడు.

మార్టూరు వాడు చెప్పాడు. మొదట గంట మోగుతుంది, మోత ముందొచ్చి దెబ్బ వెనకొస్తుంది, అంటే తిరగేసిన గంట. తరవాత ఎవరో గట్టిగా ఊపిరి తీస్తారు. దాని కింద గిటారు, బావిలో చేద పడ్డట్టు.

"పాడు," అన్నాడు మెడికో. ఎప్పుడు నొక్కాడో టేప్‌రికార్డరు ఎర్ర దీపం వెలుగుతోంది. "మేం వినాలిగా. పాడరా."

వాడు పాడాడు. మాటలు రావు కాబట్టి లాలలా అని, మధ్యలో ఇంగ్లీషులాంటి చప్పుళ్ళు చేస్తూ, కళ్ళు మూసుకుని పాడాడు. ఆ బాణీ బాగుంది. నా వేళ్ళు వాటంతటవే తొడ మీద గిటారు కార్డులు వెతుక్కున్నాయి. రెండోవైపు పాట కూడా పాడించారు. పాడటం అయ్యాక పొగాకు వాళ్ళబ్బాయి టేపు వెనక్కి తిప్పి, వాడి గొంతు వాడికి వినిపించాడు. సగంలో ఆపేశాడు.

"ఒరేయ్ సైకిలూ. అసలు అలాంటి రికార్డే లేదురా. సెలవల్లో నేనూ వీడూ కూర్చుని కల్పించాం."

మెడికో మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. నన్ను చూపించి, "ఈ పాస్టరు కూడా వెతికాడ్రా! చర్చి డబ్బుతో మెడ్రాసంతా తిరిగాడు!" అన్నాడు. నాకు చెవులు కాలిపోయాయి. నవ్వు రాలేదు.

మార్టూరు వాడు టేప్‌రికార్డరు వైపు చూస్తూ నించున్నాడు. తరవాత చెయ్యి చాపి, "ఆ క్యాసెట్ ఇవ్వండి," అన్నాడు. మమ్మల్ని అండీ అనడం అదే మొదలు.

పొగాకు వాళ్ళబ్బాయి క్యాసెట్ తీసి తల మీదికెత్తి పట్టుకున్నాడు. "ఎలా ఇస్తార్రా? ప్రపంచంలో ఒకటే కాపీ."

కాపీ ఒకటే ఉండలేదు. ఏ రికార్డునీ ఎవరికీ ఎక్కించివ్వనివాడు ఈ క్యాసెట్‌ని మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఎక్కించి ఇచ్చాడు. మేం వెళ్ళే క్యాసెట్ల షాపులో పెట్టారు. కాలేజీ క్యాంటీన్లో వాడు అడుగు పెడితే చాలు, ఏదో ఒక మూలనుంచి లాలలా మొదలయ్యేది. హాస్టల్లో స్నానాల గదుల దగ్గర పాడేవాళ్ళట. వాడు హాస్టల్ ఖాళీ చేశాడు. పరీక్షలకి మార్టూరు నుంచి బస్సులో వచ్చి, రాసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు.

నేను కూడా ఆ గదికి వెళ్ళడం మానేశాను. వాళ్ళు పిలవలేదు. డిగ్రీ అయ్యాక నాన్న పనిచేసిన స్కూల్లోనే టీచరుగా చేరాను.

దశాబ్దం చివరికొచ్చేసరికి పొగాకు వాళ్ళ వ్యాపారం కుప్పకూలింది. కొన్న సరుకు గోడౌన్లలో ఉండిపోయింది, దొరలు రావడం మానేశారు. పొగాకు వాళ్ళబ్బాయి వాళ్ళ మేనమామ పురుగుమందుల కొట్లో కూర్చునేవాడు. పత్తి రైతులు పురుగు చావలేదని వచ్చి తిట్టిపోతుంటే వినడం వాడి ఉద్యోగం. వాడు ఊళ్ళో లేనప్పుడు వాళ్ళ నాన్న మేడమీది సామానంతా అమ్మేశాడు, ప్లేయరు, స్పీకర్లు, రికార్డులతో సహా. మొత్తం కొన్నది మార్టూరు వాడు. అప్పటికి వాడు తండ్రి షెడ్డుని పెద్ద ఫ్యాక్టరీ చేశాడు.

ఒక మే నెల ఉదయం పొగాకు వాళ్ళబ్బాయి నల్లపాడు వచ్చాడు. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. అమ్మ ఇచ్చిన టీ తాగలేదు.

"నువ్వు చెబితే వాడు వింటాడు. ఆ దొంగ పేర్లవాళ్ళ రికార్డు ఒక్కటీ తెచ్చుకుందాం. వస్తే నీకు ఎక్కించిస్తాను. ఒట్టు," అన్నాడు.

ఆ పాటలు విని అప్పటికి నాలుగైదేళ్ళయింది. వెళ్ళాను.

ఆ రికార్డు కోసం వస్తున్నానని పొగాకు వాళ్ళబ్బాయి ముందురోజే కబురు పెట్టాడట, మార్టూరు వాడు గేటు దగ్గరికి ఎదురొచ్చాడు. లావయ్యాడు. "రండి సార్, రండి," అన్నాడు పొగాకు వాళ్ళబ్బాయిని. షెడ్లో రాళ్ళ మీద మిషన్లు తిరుగుతుంటే మాటలు వినపడటంలేదు. నేల మీద తెల్లటి నీళ్ళు పారుతున్నాయి. ఆఫీసు గదిలో బీరువా పక్కన ఆ పాత ప్లేయరు ఉంది, ప్లాస్టిక్ కవరు కప్పి. కింద వరసలో రికార్డులు.

పొగాకు వాళ్ళబ్బాయి కూర్చోకుండానే అడిగాడు. "మిగతావన్నీ నీ దగ్గరే ఉంచుకో. అదొక్కటి ఇవ్వు. ఎంతన్నా ఇస్తాను."

"అయ్యో, దానికేముంది సార్. ఇస్తాను. ముందు భోజనం చెయ్యండి."

మా ఇద్దరికీ ఆకులేసి తనే వడ్డించాడు. కోడికూర, గోంగూర, గడ్డపెరుగు. పొగాకు వాళ్ళబ్బాయి తింటూ తింటూ ఉషారయ్యాడు. కాలేజీ రోజులు తలుచుకున్నాడు. "అప్పుడు కుర్రతనంరా. మనసులో పెట్టుకోకు," అన్నాడు. మార్టూరు వాడు ఇంకో ముక్క వేశాడు.

చేతులు కడుక్కున్నాక, "రండి, రికార్డు బయటుంది," అన్నాడు.

యార్డులో నల్లటి పలకలు చెక్క దిమ్మెల మీద పడుకోబెట్టి ఉన్నాయి, అద్దాల్లా పాలిష్ చేసినవి. వాటి వైపు చూడలేకపోయాం, అంత ఎండ. ఒక పలక అంచున రికార్డు ఉంది. సగం రాయి మీద, సగం గాల్లో. గాల్లో ఉన్న సగం తడిబట్టలాగా కిందికి జారి వేలాడుతోంది. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నట్టుంది, మేం కోడికూర తింటున్నంతసేపూ.

పొగాకు వాళ్ళబ్బాయి చెయ్యి చాపాడు. మార్టూరు వాడు ఆ చేతిని మెల్లగా పక్కకి తోసి, పక్కనున్న బకెట్టు ఎత్తి రికార్డు మీద నీళ్ళు కుమ్మరించాడు. "ఇప్పుడు గట్టిపడుతుంది సార్. మళ్ళీ సాగదు. తీసుకెళ్ళండి. అట్ట లోపలుంది, దానికేం కాలేదు."

ఆ మాటంటున్నప్పుడు వాడి గొంతులో కోపం లేదు. రాయి కొనడానికొచ్చినవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేనేం చేశాను నిన్ను? నేను వినడానికేగా వచ్చింది," అన్నాను.

వాడు నన్ను చూశాడు. "నువ్వు నవ్వలేదు. నాకు గుర్తుంది. కానీ ఇవాళ ఎవడి పక్కన కూర్చుని వచ్చావు?"

తిరుగు బస్సులో పొగాకు వాళ్ళబ్బాయి రికార్డుని న్యూస్‌పేపర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. అట్ట నా ఒళ్ళో ఉంది. బస్సు చిలకలూరిపేట దాటింది. ఏదో ఒకటి అనాలని, "పాటలైనా మిగలకుండా చేశాడు," అన్నాను.

"పాటలెక్కడికి పోతాయి? కొన్నరోజే క్యాసెట్లో ఎక్కించుకున్నాను. ఇంట్లో ఉంది," అన్నాడు.

"మరి నాకు ఎక్కించివ్వు," అన్నాను.

"రికార్డు వస్తే ఇస్తానన్నాను. వచ్చిందా?" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూనే, "చర్చి వాళ్ళు మీకు ఇంగ్లీషు ఊరికే ఇచ్చార్రా. పాటలు కూడా ఊరికే కావాలి. మేం ప్రతిదీ కొనుక్కున్నాం," అన్నాడు.

అట్ట వాడి ఒళ్ళో పెట్టి, లేచి, బస్సులో ముందుకెళ్ళి నిలబడ్డాను. గుంటూరు వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.

నెల తిరక్కుండానే ఊళ్ళో ఇంకో కథ తిరిగింది. పొగాకు వాళ్ళబ్బాయి ఎంతో కష్టపడి రికార్డు వెనక్కి తెచ్చుకుంటే, ఎక్కించుకుంటానని నేను పట్టుకెళ్ళి ఎండలో పెట్టి పాడుచేశానట. వంగిపోయిన రికార్డుని కొట్లో కౌంటరు మీద పెట్టి మరీ చూపించేవాడట. క్యాసెట్ల షాపాయన నన్ను చూసి, "మీకు ఇవ్వకపోవాల్సింది మాస్టారూ," అన్నాడు. జరిగింది చెప్పాను. విని తలూపాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. రికార్డులున్నవాళ్ళెవరూ తరవాత నన్ను ఇంటికి పిలవలేదు.

ఏడాది తరవాత మా చర్చికి జ్ఞాపకఫలకం చేయించాల్సొచ్చి నన్నే మార్టూరు పంపారు. మార్టూరు వాడికి ఈ కథ అప్పటికే తెలుసు. నేను చెబుతుంటే మధ్యలోనే నవ్వాడు, ఆ పాత పెద్ద నవ్వు.

"నువ్వొక్కమాట చెబితే చాలు. నువ్వే చేశావని," అన్నాను.

"చెప్పను."

"ఎందుకని?"

"నన్ను చూసి ఊరంతా నవ్వుతుంటే ఎవడన్నా వచ్చి ఒక్కమాట చెప్పాడా?" అన్నాడు. రాళ్ళు కొలిచే టేపు తీసి బల్ల మీద పెట్టాడు. "పలక మీద ఎన్ని పేర్లు కావాలంటే అన్ని చెక్కిస్తాను. సాక్ష్యం మాత్రం అడక్కు. కొలతలు చెప్పు."

చెప్పాను. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నల్లరాయి. రాసుకున్నాడు. మధ్యాహ్నం బస్సుకి వచ్చేశాను.